నిర్దోషి అని తేలగానే ఫైలు మూసేయకండి: రెండు తెలుగు రాష్ట్రాల ముఖ్యమంత్రులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముఖ్యమంత్రులకు, హోం, న్యాయ శాఖల మంత్రులకు,

నమస్కారం.

నేను జిల్లా కోర్టులో క్రిమినల్ కేసులు చూసే న్యాయవాదిని. ఎక్కువగా న్యాయసేవాధికార సంస్థ తరఫున, ఫీజు ఇచ్చుకోలేని ముద్దాయిల కేసులు చూస్తాను. చేయని నేరానికి శిక్షపడిన కేసులను పరిశీలించి, అలాంటివి మళ్లీ జరగకుండా చూసే కమిషన్‌ను రెండు రాష్ట్రాల్లోనూ వేయాలని నేనూ, కొందరు తోటి న్యాయవాదులూ అర్జీలు పెట్టుకున్నాం. అందినట్టు రసీదు ఇచ్చారు. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. అందుకే ఇప్పుడు నలుగురూ చదివేలా రాస్తున్నాను.

మీ అందరికీ తెలిసిన కేసుతోనే మొదలుపెడతాను. 2007 డిసెంబర్ 27న విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలోని ఒక హాస్టల్లో బీఫార్మసీ చదివే అమ్మాయిపై అత్యాచారం చేసి చంపేశారు. ఆ బిడ్డ పేరు రాయను. చట్టం ఒప్పదు, రాయాల్సిన అవసరమూ లేదు. 2008 ఆగస్టులో నందిగామ ప్రాంతానికి చెందిన ఒక పేద దళిత యువకుణ్ణి పోలీసులు అరెస్టు చూపించారు. 2010 సెప్టెంబర్‌లో విజయవాడ మహిళా సెషన్స్ కోర్టు అతనే దోషి అంది. 2017 మార్చి 31న ఉమ్మడి హైకోర్టు అతను నిర్దోషి అంది. లక్ష రూపాయలు ఇమ్మని, దర్యాప్తు చేసిన అధికారుల మీద చర్య తీసుకోమని ప్రభుత్వాన్ని ఆదేశించింది. అప్పటికి అతను ఎనిమిదేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు. ఆ లక్షను జైల్లో గడిపిన నెలలతో భాగిస్తే నెలకు వెయ్యి కూడా పడదు.

ఈ కేసులో నన్ను ఎప్పటికీ వదలని విషయం ఒకటుంది. అతను హంతకుడు కాదని అతని తల్లికంటే గట్టిగా చెప్పింది చనిపోయిన అమ్మాయి తల్లి. కూతుర్ని పోగొట్టుకున్న తల్లి, పోలీసులు పట్టుకొచ్చిన మనిషిని చూపి ‘వీడు కాదు’ అని ఏళ్ల తరబడి చెబుతుంటే ఆ మాటను నమోదు చేసి, విచారించి, జవాబు చెప్పాల్సిన వ్యవస్థ మన దగ్గర ఒక్కటీ లేకపోయింది.

తర్వాత ఏమైంది? హైకోర్టు 2018 నవంబర్‌లో కేసును సీబీఐకి అప్పగించింది. అప్పీలు పెండింగ్‌లో ఉండగానే విజయవాడ కోర్టులో ఆ కేసు ఆధారాలు ధ్వంసమైపోయాయని బయటపడింది. దానిమీద వేరే కేసు పెట్టాల్సి వచ్చింది. చివరికి 2019 డిసెంబర్‌లో తెనాలిలో సమాధి తవ్వి, పన్నెండేళ్ల తర్వాత, ఆ బిడ్డ అవశేషాలకు మళ్లీ పోస్టుమార్టం చేశారు. హత్య జరిగి 17 ఏళ్లు దాటినా అసలు చేసినవాడికి శిక్ష పడలేదు.

ఇప్పుడు నా ప్రశ్న. ఈ కేసులో తప్పు ఏ మెట్టు దగ్గర జరిగింది? అరెస్టు దగ్గరా, నమూనాల సేకరణ దగ్గరా, ల్యాబులోనా, ఛార్జిషీటులోనా, డిఫెన్స్ సరిగా లేకనా, కింది కోర్టు తూచడంలోనా? ఆ తప్పు ఆ ఏళ్లలో ఇంకెన్ని కేసుల్లో జరిగింది? దీనికి జవాబు చెప్పడం ఏ అధికారి ఉద్యోగమూ కాదు. రైలు పట్టాలు తప్పితే రైల్వే సేఫ్టీ కమిషనర్ వచ్చి విచారణ జరుపుతారు. ఆయన రైల్వే శాఖ కింద ఉండరు, పౌర విమానయాన శాఖ కింద ఉంటారు. రైల్వే తప్పును రైల్వేనే తేల్చుకోకూడదని ఆ ఏర్పాటు. మనిషి జీవితం పట్టాలు తప్పినప్పుడు ఆపాటి విచారణ కూడా లేదు. తీర్పు వస్తుంది, జైలు గేటు తెరుస్తారు, ఫైలు కడతారు.

దీని ఫలితాలు ఎవరు మోస్తున్నారో, నా అనుభవం మేరకు, కాగితాల్లో ఉన్న మేరకు చెబుతాను.

1. మొదటి దెబ్బ బాధితుల కుటుంబానికే. తప్పు మనిషికి శిక్ష పడిన రోజే అసలు నేరస్థుడి కోసం వెతకడం ఆగిపోతుంది. ఆ శిక్ష కొట్టేసేసరికి సాక్షుల జ్ఞాపకం చెదిరిపోతుంది, నమూనాలు పాడైపోతాయి, ఫోన్ రికార్డులు దొరకవు. అమాయకుల పక్షాన మాట్లాడితే బాధితులకు వ్యతిరేకం అన్నట్టు మాట్లాడేవాళ్లు ఇబ్రహీంపట్నం కేసు ఒక్కసారి తిరగేసి చూడాలి.

2. ముద్దాయి ఇంటివాళ్లది శిక్ష లేని శిక్ష. బెయిలుకు జామీనుదారులు దొరకరు. ములాఖత్‌కు రానుపోను ఒక రోజు కూలి, బస్సు ఛార్జీలు. వకీలు ఫీజుకు అమ్మేది మొదట పశువులు, తర్వాత సెంటు భూమి. చెల్లెళ్ల సంబంధాలు తప్పిపోతాయి. పిల్లలు బడి మానేస్తారు, తోటి పిల్లల మాటలు పడలేక. నిర్దోషి అని తీర్పు వచ్చినా ఊళ్లో ‘జైలుకెళ్లొచ్చినవాడు’ అన్న పేరు పోదు. ఎప్పుడో ముఖానికి ముసుగేసి ప్రెస్‌మీట్‌లో నిలబెట్టిన వీడియో మాత్రం ఫోన్లలో తిరుగుతూనే ఉంటుంది.

3. మధ్యవర్తుల రిపోర్టు అనే కాగితం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే సచివాలయంలో ఉండేవాళ్లు దాన్ని చూసి ఉండకపోవచ్చు. ముద్దాయి ఫలానా చోట దొరికాడని, ఇద్దరు మధ్యవర్తుల ఎదుట నేరం ఒప్పుకున్నాడని, ‘నా వెంట వస్తే దాచిన చోటు చూపిస్తాను’ అన్నాడని, తీసుకెళ్లి చూపించాడని అందులో రాస్తారు. పోలీసుల దగ్గర ఒప్పుకున్నది సాక్ష్యంగా చెల్లదు. కానీ ఆ మాటను బట్టి ఒక వస్తువు దొరికితే అంతవరకు చెల్లుతుంది. పాత సాక్ష్య చట్టంలో అది 27వ సెక్షన్, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 23వ సెక్షన్ కిందికి చేరింది. కేసు మొత్తం ఆ ఒక్క వాక్యం మీద నిలబడుతుంది కాబట్టి ఆ వాక్యం ప్రతి రిపోర్టులోనూ ఉంటుంది. కత్తి కేసులో అదే, గొలుసు కేసులో అదే, పదాల వరుస కూడా మారదు. మధ్యవర్తులుగా చాలాసార్లు వీఆర్వో, ఆయనతోపాటు ఇంకో రెవెన్యూ ఉద్యోగి సంతకం పెడతారు. స్టేషన్ నుంచి పిలుపొస్తే రానని చెప్పగలిగే ఉద్యోగాలు కావవి. కింద ముద్దాయి వేలిముద్ర. చదివి వినిపించాం, విని సరే అన్నాడు అన్న మాటా అందులోనే టైపు చేసి ఉంటుంది. సోదాలను, స్వాధీనాలను వీడియో తీయాలని కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం 105వ సెక్షన్ చెబుతోంది. మంచి మార్పు. అయితే కేసు వీగిపోయాక ఆ వీడియోను, ఆ రిపోర్టును పక్కపక్కన పెట్టి చూసేదెవరు?

4. ఎవరి మీద పడుతోందో చూడండి. ఎరుకల, యానాది కుటుంబాలకు ఇది కొత్త సంగతి కాదు. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1952లో రద్దయింది, కానీ దొంగతనం జరగ్గానే ముందు ఏ పేట తలుపు తట్టాలన్న అలవాటు రద్దు కాలేదు. మహారాష్ట్రలో ఒక సంచార తెగకు చెందిన ఆరుగురి కథ ఇంకా ఘోరం. 2009లో సుప్రీంకోర్టే ఆ ఆరుగురికీ ఉరి ఖాయం చేసింది. 2019 మార్చి 5న అదే సుప్రీంకోర్టు, వాళ్లకు ఆ నేరంతో సంబంధం లేదని విడిచిపెట్టి, ఒక్కొక్కరికి 5 లక్షలు ఇమ్మంది. పదహారేళ్లు జైల్లో గడిపారు. ఈలోగా ఉరి తీసి ఉంటే 2019 నాటి ఆ తీర్పు ఎవరికి వినిపించేవారు?

5. హైదరాబాద్ పాతబస్తీలో 2007 మే 18న మక్కా మసీదు పేలుడు తర్వాత పట్టుకుపోయిన యువకులకు శిక్షలు పడలేదు, కోర్టులు విడిచిపెట్టాయి. చిత్రహింసలు పెట్టారన్న వాళ్ల మాటను మైనారిటీ కమిషన్లు పట్టించుకున్నాక, అప్పటి ప్రభుత్వం 2011లో కొందరికి 3 లక్షలు, కొందరికి 20 వేలు చొప్పున పరిహారం ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారం ఉత్తర్వును కొట్టేసింది. కేసు నుంచి బయటపడినంత మాత్రాన పరిహారం హక్కు కాదన్నది కోర్టు మాట. 2018 ఏప్రిల్‌లో ఆ పేలుడు కేసులో విచారణకు నిలబడ్డ వేరే ఐదుగురినీ ప్రత్యేక కోర్టు విడుదల చేసింది. ప్రార్థనకు వెళ్లి చనిపోయినవాళ్ల ఇళ్లకు ఇంతవరకూ న్యాయం అందలేదు.

ఆ 2013 తీర్పు లేవనెత్తిన మాటను నేను కొట్టిపారేయడం లేదు. సాక్ష్యం చాలక బయటపడినవాళ్లు వేరు, అసలు ఏ పాపం ఎరగనివాళ్లు వేరు. బెనిఫిట్ ఆఫ్ డౌట్ మీద వదిలేసిన ప్రతి కేసూ తప్పుడు కేసు కాదు. ఈ తేడా తేల్చే చోటు మన దగ్గర లేదు. అప్పీలు కోర్టు రికార్డులో ఉన్నదాన్నే చూస్తుంది. నేరం రుజువైందా లేదా అన్నంతవరకే దాని పని. రుజువు కాకపోతే ఎందుకు కాలేదు, కావాలని ఇరికించారా, నిర్లక్ష్యమా, ల్యాబులో పొరపాటా అని తవ్వే తీరిక, సిబ్బంది, అధికారం దానికి లేవు. కమిషన్ కావాలనడానికి నాకున్న అన్నిటికంటే బలమైన కారణం ఇదే.

చట్టంలో ఇప్పుడున్న దారులు ఏమిటో కూడా చూడండి. కారణం లేకుండా ఒకరిని అరెస్టు చేయిస్తే, చేయించిన మనిషి నుంచి మేజిస్ట్రేటు పరిహారం ఇప్పించవచ్చు. దాని గరిష్ఠ పరిమితి వెయ్యి రూపాయలు. 2023లో చట్టాన్ని తిరగరాసినప్పుడు కూడా ఆ వెయ్యి అలాగే 399వ సెక్షన్‌లోకి నడిచొచ్చింది. అంతకుముందే, 2018 ఆగస్టులో, లా కమిషన్ తన 277వ నివేదికలో తప్పుడు ప్రాసిక్యూషన్లకు గురైనవాళ్ల కోసం ప్రత్యేక కోర్టులు, చట్టబద్ధమైన పరిహారం ఉండాలని విడమరచి రాసింది. కొత్త చట్టంలో ఆ అధ్యాయం లేదు. 2024 జూలై 1 నుంచి అది లేకుండానే అమలవుతోంది. ఇక మిగిలింది హైకోర్టులో రిట్ వేయడం. గూఢచర్యం కేసులో తప్పుగా అరెస్టు చేసిన ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్‌కు 2018లో సుప్రీంకోర్టు 50 లక్షలు ఇప్పించింది, చాలా మంచి తీర్పు. బిహార్‌లో రుదుల్ సా అనే మనిషిని నిర్దోషి అని తేలాక కూడా 14 ఏళ్లు జైల్లోనే ఉంచేస్తే, 1983లో అదే కోర్టు ఇప్పించింది మొత్తం 35 వేలు. కాలం వేరు, కేసులు వేరు, నిజమే. కానీ కొలత అంటూ ఒకటి లేదన్నది కూడా నిజం. కూలి చేసుకునే ముద్దాయి సుప్రీంకోర్టు దాకా వెళ్లి తన జీవితానికి ధర కట్టించుకోవాలా?

ఇలాంటి కమిషన్లు ఊహలో ఉన్నవి కావు. బర్మింగ్‌హామ్ బాంబు పేలుళ్ల కేసులో 16 ఏళ్లు జైల్లో ఉన్న ఆరుగురు 1991లో నిర్దోషులుగా బయటికొచ్చాక, బ్రిటన్ 1995లో చట్టం చేసి, 1997లో క్రిమినల్ కేసుల సమీక్షా కమిషన్ పెట్టింది. అది పంపిన కేసుల్లో 500కు పైగా శిక్షలను అప్పీలు కోర్టులు కొట్టేశాయి. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రం 2006లో తన సొంత చట్టంతో ఇలాంటిదే ఏర్పాటు చేసుకుంది. ఎనిమిది మంది సభ్యుల్లో ఒక జడ్జి, ఒక ప్రాసిక్యూటర్, ఒక డిఫెన్స్ న్యాయవాది, ఒక షెరీఫ్ (అక్కడి స్థానిక పోలీసు అధికారి), బాధితుల తరఫున ఒకరు, మామూలు పౌరుడు ఒకరు తప్పనిసరిగా ఉంటారు. అందులో బాధితుల తరఫు సభ్యుడు ఉండటం నాకు ముఖ్యంగా నచ్చింది. అది కేంద్ర ప్రభుత్వం పెట్టిన కమిషన్ కాదు, ఒక రాష్ట్రం పెట్టుకున్నది. మనకూ సరిపోయే నమూనా.

బ్రిటన్ కమిషన్ తప్పు చేయలేదా అంటే చేసింది. ఆండ్రూ మాల్కిన్సన్ అనే వ్యక్తి 17 ఏళ్లు జైల్లో మగ్గాక 2023లో నిర్దోషి అని తేలాడు. అంతకుముందు అతని దరఖాస్తును ఆ కమిషన్ రెండుసార్లు తోసిపుచ్చింది. పేరుకు కమిషన్ వేసి, నిధులివ్వక, రిటైరైన అధికారులకు కుర్చీగా మారిస్తే ఏమవుతుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. మన దగ్గర అలాంటి కమిషన్లకు కొదవలేదు. అందుకే మా డిమాండ్లలో నియామకం, అధికారాల గురించి పట్టుబడుతున్నాం.

మా డిమాండ్లు:

1. రెండు శాసనసభల్లోనూ చట్టం చేసి శాశ్వత కమిషన్ ఏర్పాటు చేయాలి. పోలీసు, జైళ్లు రాష్ట్రాల జాబితాలోనివే. క్రిమినల్ ప్రొసీజర్ ఉమ్మడి జాబితాలో ఉంది. ఢిల్లీ వైపు చూస్తూ కూర్చోనక్కర్లేదు. చట్టం అయ్యేదాకా 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం కింద వెంటనే ఒక కమిషన్ వేయవచ్చు.

2. సభ్యుల్లో హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి, కింది కోర్టుల్లో పనిచేసిన డిఫెన్స్ న్యాయవాది, ఫోరెన్సిక్ శాస్త్రవేత్త, దర్యాప్తు అనుభవం ఉన్న మాజీ పోలీసు అధికారి, బాధిత కుటుంబాల ప్రతినిధి, చేయని నేరానికి జైలుకెళ్లొచ్చిన ఒకరు ఉండాలి. చివరి పేరు కొందరికి ఇబ్బందిగా తోచవచ్చు. జైలు లోపలి నుంచి ఒక అర్జీ బయటికి రావడానికి ఎన్ని చేతులు దాటాలో ఆ మనిషికి తెలిసినట్టు మిగతావాళ్లెవరికీ తెలియదు. ఎంపిక కమిటీలో ప్రతిపక్ష నేత, హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సూచించినవారు ఉండాలి.

3. కేసు డైరీలు, ల్యాబ్ రిపోర్టులు, స్టేషన్ సీసీటీవీ దృశ్యాలు తెప్పించుకునే అధికారం, సొంత దర్యాప్తు సిబ్బంది, డీఎన్ఏ మళ్లీ పరీక్ష చేయించే అధికారం కమిషన్‌కు ఉండాలి. తీర్పు మార్చే అధికారం మేము అడగడం లేదు, అది కోర్టులదే. తప్పు జరిగిందని కమిషన్ తేలిస్తే హైకోర్టు ముందు పెట్టడం అడ్వొకేట్ జనరల్ బాధ్యత కావాలి. ఆ దారి మూసుకుపోయిన కేసుల్లో రాజ్యాంగం 161వ అధికరణ కింద క్షమాభిక్ష కోసం గవర్నర్‌కు సిఫారసు చేయాలి.

4. ఇది ఒక్క రోజు కూడా ఆగకూడదు: శిక్ష పూర్తయ్యేదాకా, అప్పీళ్లన్నీ ముగిసేదాకా ఏ కేసులోనూ వస్తువులు, నమూనాలు, రికార్డులు ధ్వంసం చేయకుండా హైకోర్టులను సంప్రదించి నిబంధనలు గట్టి చేయాలి. 2025 జూలైలో తమిళనాడు కేసులో ఉరిశిక్ష పడిన వ్యక్తిని విడిచిపెడుతూ సుప్రీంకోర్టు డీఎన్ఏ నమూనాలను ఎలా తీయాలో, ఎలా భద్రపరచాలో దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. మన స్టేషన్లలో, కోర్టుల ప్రాపర్టీ గదుల్లో అవి ఎంతవరకు అమలవుతున్నాయో తనిఖీ చేయించి, ఆ నివేదిక బయటపెట్టాలి.

5. 2014 జూన్ నుంచి ఇప్పటిదాకా హైకోర్టు గానీ సుప్రీంకోర్టు గానీ కొట్టేసిన యావజ్జీవ, ఉరిశిక్షల కేసులన్నిటినీ కమిషన్ మొదటి ఏడాదిలో అధ్యయనం చేయాలి. ఏ కారణంతో ఎన్ని వీగిపోయాయి, ఆ మనుషులు ఎన్నేళ్లు జైల్లో ఉన్నారు, ఏ కులాలవాళ్లు, ఏ చదువువాళ్లు, మొదట వాదించిందెవరు అన్న లెక్కలు తెలుగులో ప్రచురించి సభలో పెట్టాలి. ఆరు నెలల్లోగా ప్రభుత్వం జవాబు చెప్పాలి.

6. నిర్దోషి అని కమిషన్ తేల్చినవాళ్లకు పరిహారం జైల్లో గడిపిన కాలాన్ని బట్టి నిర్ణయించి, 60 రోజుల్లో ఇవ్వాలి. డబ్బుతో పాటు వైద్యం, ఇల్లు, ఉపాధి, రేషన్ కార్డు చూడాలి. స్టేషన్‌లో సస్పెక్ట్ షీటు (అనుమానితుడని తెరిచిన రికార్డు) ఉంటే తీసేయాలి.

7. దొంగసాక్ష్యం పుట్టించినట్టు తేలిన అధికారుల మీద ప్రాసిక్యూషన్‌కు అనుమతి గడువులోగా తేల్చాలి. నిజాయితీగా పొరబడినవాళ్లను వేధించమని మేము అడగడం లేదు. ఇరవై నాలుగు గంటల్లో నిందితుణ్ణి చూపించమని పైనుంచి వచ్చే ఒత్తిడి ఎస్సైలను, సీఐలను ఎలా నలిపేస్తుందో మాకు తెలుసు. ఆ ఒత్తిడి ఎక్కడి నుంచి మొదలవుతోందో కూడా కమిషన్ రాయాలి.

ఖర్చు గురించి ప్రశ్న వస్తుంది. దేశంలో జైళ్లలో ఉన్నవాళ్లలో నూటికి 75 మందికి పైగా ఇంకా విచారణ ఖైదీలేనని 2022 అధికారిక లెక్కలు చెబుతున్నాయి. తప్పుడు కేసులు మొదట్లోనే ఆగిపోతే ప్రభుత్వానికి మిగిలేది తక్కువేమీ కాదు.

వచ్చే శాసనసభ సమావేశాల్లోగా ఈ బిల్లుపై ప్రభుత్వ వైఖరి రాతపూర్వకంగా తెలపాలని కోరుతున్నాం. ముసాయిదా ఒకటి మేమే రాసి పెట్టుకున్నాం, తెలుగులో. మీరు సమయమిస్తే తీసుకొచ్చి, ఒక్కొక్క క్లాజు మీ న్యాయశాఖ అధికారుల ముందు చదివి వినిపిస్తాం. వాళ్ల అభ్యంతరాలు రాసుకుని మార్చుకుంటాం. ఇబ్రహీంపట్నం కేసులో పరిహారం ఎంత ముట్టింది, దర్యాప్తు అధికారులపై ఏ చర్య తీసుకున్నారు అన్న రెండు ప్రశ్నలకు మాత్రం బిల్లుతో పనిలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ రెంటికీ ఇప్పుడే జవాబివ్వవచ్చు.

ఇట్లు,
ఒక జిల్లా కోర్టు న్యాయవాది, సంతకం చేసిన తోటి న్యాయవాదుల తరఫున